స్వర్ణముఖి వెంట

ప్రసిద్ధ క్షేత్రం పక్కన నివసించేవారికి ఒక చిక్కు ఉంది. ఆ క్షేత్రపు వెలుగులో చుట్టుపక్కల ఉన్న చిన్న స్థలాలు కంటికి ఆనవు. ఇందుకు తిరుపతే మంచి ఉదాహరణ. దేశం నలుమూలల నుండి నిత్యం వేలాది భక్తులు తిరుపతిలో దిగుతారు, కొండ ఎక్కుతారు, దర్శనం చేసుకొని లడ్డూ ప్రసాదంతో తిరుగు ప్రయాణమవుతారు. వారిని తప్పుపట్టవలసిన పని లేదు. వారు వచ్చింది అందుకే. కాని ఆ నేల మీద పుట్టి పెరిగినవారు కూడా తమ ప్రాంతాన్ని యాత్రికుల కళ్లతోనే చూస్తే అది లోటే అవుతుంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయునికి ఈ లోటు తన మనుమరాలి ద్వారా తెలిసివచ్చింది. ఆమె ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం విద్యార్థిని. వేసవిలో విజయవాడలో జరిగిన ఒక శిక్షణ శిబిరంలో పక్క జిల్లా అమ్మాయి ఆమెను, “మీ ఊళ్లో కొండ కాక ఇంకేముంది?” అని అడిగింది. ఆమెకు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి అదే ప్రశ్న తాతగారిని అడిగింది.

“ఎందుకు లేవమ్మా? మన స్వర్ణముఖి ఉంది” అన్నారాయన.

“ఎప్పుడు చూసినా ఇసుకేగా తాతా! అది సముద్రంలో కలిసే చోటు ఎలా ఉంటుంది?”

ఆయన వెంటనే బదులు చెప్పలేకపోయారు. పాకాల, చంద్రగిరి ప్రాంతపు కొండల్లో పుట్టి, సుమారు 130 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలిసే ఆ నదిని ఆయన నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు గీశారో లెక్క లేదు. సుద్దముక్కతో గీసిన గీత ప్రతిసారీ సముద్రం చేరింది. ఆయన మాత్రం ఒక్కసారీ చేరలేదు. “నేను చూడలేదు పాపా” అని ఒప్పుకోవడానికి ఆయనకు కొంత సమయం పట్టింది.

జూన్‌లో మనుమరాలు పై చదువుకు హైదరాబాదు వెళ్లిపోతుంది. ఆలోగా, వీలైన ఆదివారాలలో నది వెంట వెళ్లాలని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. వాహనం ఆర్టీసీ బస్సు. సామగ్రి ఒక నీళ్ల సీసా, పెరుగన్నం డబ్బా, ఒక నోటు పుస్తకం.

మొదటి ప్రయాణం తెలిసిన దారిలోనే జరిగింది. శేషాచలం కొండల నుండి దిగే కళ్యాణి వంటి ఏరులు స్వర్ణముఖికి నీరందిస్తాయి. కనుక కొండతోనే ప్రారంభించాలన్నారు తాతగారు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతలో రెండు రకాల రాళ్లు ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి. కిందిది అతి ప్రాచీనమైన గ్రానైటు జాతి శిల. పైది ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి ఏర్పడిన క్వార్ట్జైటు. ఈ రెండింటి వయస్సుల మధ్య అంతరం సుమారు 80 కోట్ల సంవత్సరాలు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. బస్సు అక్కడ ఆగదు. కిటికీ పక్కన కూర్చున్నవారికి కొన్ని క్షణాలు కనబడి మాయమవుతుంది. “ఇన్నిసార్లు ఈ దారిన వచ్చాను, ఒక్కసారీ చూడలేదు” అంది మనుమరాలు. చూడని స్థలమంటే దూరాన ఉన్నదే కానవసరం లేదని ఆమెకు అప్పుడు తోచింది.

తరువాతి ఆదివారం చంద్రగిరి. 1565 నాటి రాక్షస తంగడి యుద్ధం తరువాత విజయనగర రాజులు పెనుకొండకు, అటు పిమ్మట చంద్రగిరికి రాజధానిని మార్చారు. మూడు అంతస్తుల రాజమహలులో ఇప్పుడు పురావస్తు ప్రదర్శనశాల ఉంది. కోట వెనుక కొండ, ఎదుట పచ్చిక, మధ్యాహ్నపు నిశ్శబ్దం. ఒక సామ్రాజ్యపు చివరి రోజులను తలచుకోవడానికి అంతకన్నా తగిన చోటు ఉండదు.

మూడవ ప్రయాణం గుడిమల్లానికి. రేణిగుంట దాటి, గాజుపూసల తయారీకి పేరుపొందిన పాపానాయుడుపేట మీదుగా వెళ్తే స్వర్ణముఖి ఒడ్డున ఈ పల్లె వస్తుంది. ఇక్కడి పరశురామేశ్వరాలయంలోని శివలింగం సుమారు అయిదడుగుల ఎత్తు ఉంటుంది. దాని ముందు భాగాన శివుడు నిలుచున్న రూపంలో మలచబడి ఉన్నాడు. కుడిచేత పొట్టేలు, ఎడమచేత నీటిపాత్ర, భుజాన గొడ్డలి, పాదాల కింద మోకరిల్లిన ఒక ఆకారం. ఇది క్రీస్తు పూర్వపు కాలానిదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 20వ శతాబ్ది తొలినాళ్లలో టి.ఎ. గోపీనాథరావు ఈ శిల్పాన్ని పండితలోకానికి పరిచయం చేశారు. 1973లో పురావస్తు శాఖవారు ఇక్కడ తవ్వకాలు జరిపారు. ఇంతటి ప్రాచీన మూర్తి ముందు ఆనాడు ఉన్నవారు అర్చకునితో కలిపి నలుగురే. రెండువేల ఏళ్లకు పైబడిన ఆ శిల్పాన్ని వెనుక నుండి ఎవరూ తోయకుండా, కాలు నొచ్చేదాకా నిలబడి చూడగలిగారు.

ఆలయం నుండి వారు ఏటి ఒడ్డుకు నడిచారు. వెడల్పైన ఇసుక తిన్నె, అక్కడక్కడ తుమ్మచెట్లు, ఒక పాయగా నీరు. ఈ నదే 2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు పొంగి గట్లు కోసి, ఊళ్లను ముంచెత్తింది. “ఏడాదిలో ఎక్కువ కాలం నిద్రపోతుంది కదా అని దాన్ని నది కాదనుకుంటాం. దాని దారిలో మట్టి పోస్తాం, ఇళ్లు కడతాం. వాన వచ్చినప్పుడు అది తన దారి తాను అడుగుతుంది” అన్నారు తాతగారు. మనుమరాలు ఆ మాటను నోటు పుస్తకంలో రాసుకుంది.

జనవరిలో చివరి ప్రయాణం. శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరి, అక్కడ నుండి నదిని కాసేపు విడిచి దక్షిణంగా నేలపట్టుకు వెళ్లారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పూర్వపు నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట ప్రాంతం ఇందులో చేరింది. ఆ విధంగా కొండల జిల్లాకు పులికాట్ సరస్సూ, సముద్రతీరమూ లభించాయి. దేశంలోని ఉప్పునీటి సరస్సులలో పులికాట్‌ది చిలికా తరువాతి స్థానం. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు వెళ్లే దారి ఆ సరస్సు మీదుగానే సాగుతుంది. రాకెట్టు ఎగిరే రోజు అందరి చూపూ ఆకాశం వైపే. దారికి రెండు వైపులా మోకాటిలోతు నీటిలో నిలిచిన ఫ్లెమింగోలను చూడాలంటే మరొక రోజు రావాలి.

నేలపట్టు పక్షుల రక్షితకేంద్రం 1976లో ఏర్పడింది. శీతకాలంలో గూడబాతులు అక్కడి చెరువులోని చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. పక్షుల రాకను గ్రామస్థులు శుభంగా భావిస్తారు. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువవుతుంది. నమ్మకానికి ప్రయోజనం కూడా తోడైంది. పరిశీలన గోపురం ఎక్కిన సందర్శకులు తమంతట తామే గొంతు తగ్గించారు. ఒక చిన్న పిల్లవాడు కేక వేయబోతే పక్కనే ఉన్న గ్రామీణుడు పెదవులపై వేలు ఉంచి, “పిల్లలు నిద్రపోతున్నాయి నాయనా” అన్నాడు. పిల్లవాడు మారుమాట లేకుండా ఊరకున్నాడు.

మరునాడు ఉదయం వాకాడు మండలంలోని తూపిలిపాలెం తీరానికి చేరారు. అంగళ్లు లేవు, గుర్రపు సవారీలు లేవు. ఒడ్డుకు లాగిన పడవలు, ఆరబెట్టిన వలలు, ఎండ్రకాయల అడుగుజాడలు, ఎడతెగని అలల హోరు. రక్షకులెవరూ కనిపించని తీరంలో లోతుకు దిగరాదని తాతగారు హెచ్చరించారు. అలలు పాదాలు తడిపే చోటనే ఇద్దరూ నిలిచారు. స్వర్ణముఖి ఎక్కడ కలుస్తుందని అడిగితే వల బాగుచేసుకుంటున్న జాలరి చేయి చాచి ఒక దిక్కు చూపించాడు. ఆ ఇసుకలో అంత దూరం నడవడానికి ఆయన మోకాళ్లు ఒప్పుకోలేదు. ఆ దిక్కుకే తిరిగి చాలాసేపు నిలుచున్నారు.

“ఒక్కదాన్నే వెళ్లి చూసి రానా తాతా?” అంది మనుమరాలు.

“ఇప్పుడు వద్దు. ఎప్పుడైనా తోడుతో వచ్చి చూడు. వచ్చి నాకు చెప్పు” అన్నారాయన. చెప్పవలసింది ఇప్పుడు తన వంతు అని ఆమెకు అర్థమైంది.

ఆమె సెల్‌ఫోనులో ఆ తీరాన్ని ఫొటో తీసింది. శిబిరంలో ప్రశ్న అడిగిన స్నేహితురాలికి, ఇంకా పదిమందికి, దారితో సహా పంపాలనుకొని ఆగిపోయింది. అందరికీ చెబితే రేపు ఇక్కడా ప్లాస్టిక్ సీసాలు పేరుకుంటాయేమో! చెప్పకపోతే, మా ఊళ్లో ఏమీ లేదన్న మాటే నిజమవుతుందేమో! తాతగారిని అడిగింది. ఆయన కొంతసేపు ఆలోచించి, “నిన్న నేలపట్టులో మనుషులు లేరా? ఉన్నారు. అయినా పక్షులు బెదరలేదు. రావడంలో తప్పు లేదమ్మా. ఎలా ఉండాలో తెలియకుండా రావడంలోనే ఉంది. దారి చెప్పేవారు మర్యాద కూడా చెప్పాలి” అన్నారు.

1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిలోని మజిలీలనూ ఊళ్లనూ వివరంగా రాసిపెట్టాడు. వెనుక వచ్చేవారికి ఆ వివరాలు ఉపయోగపడ్డాయి. ఆయనకు గమ్యం ఎంత ముఖ్యమో దారి కూడా అంత ముఖ్యం. బహుశా యాత్ర అనే మాటకు పూర్తి అర్థం అదే.

తిరుగు ప్రయాణంలో మనుమరాలు నోటు పుస్తకం తెరిచి స్నేహితురాలికి జవాబు రాసింది. కొండ రాళ్లతో మొదలుపెట్టి చంద్రగిరి, గుడిమల్లం, నేలపట్టు, తూపిలిపాలెం వరకు నది బొమ్మ గీసి, పక్కన పేర్లు రాసింది. నది సముద్రాన్ని చేరే చోట మాత్రం గీత కలపకుండా కొద్దిగా ఖాళీ వదిలింది. అడుగున ఒక వాక్యం చేర్చింది: “సెలవుల్లో రా, అన్నీ చూపిస్తాను. కాని తెచ్చుకున్న చెత్త తిరిగి తీసుకెళ్లడానికి ఒక సంచీ తెచ్చుకో. పక్షుల దగ్గర మాత్రం మాట్లాడకు.”