మంచు కురిసిన ఊళ్లో బడి మాట

కాశ్మీరు లోయలో చలికాలానికి ఒక లెక్క ఉంది. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజులను అక్కడివారు చిల్లై కలాన్ అంటారు. తరువాతి ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్. చివరి పది రోజులు చిల్లై బచ్చా. పెద్ద చలి, చిన్న చలి, పసి చలి అన్నమాట. చిల్లా అనే మాట మన ఇళ్లకు కొత్తది కాదు. బాలింత నలభై రోజులనూ, ధర్మప్రచారానికి బయలుదేరే నలభై రోజులనూ మనమూ ఆ పేరుతోనే పిలుస్తాము. ఫారసీ నుంచి వచ్చిన ఆ ఒక్క మాట అక్కడ మంచులో స్థిరపడింది, ఇక్కడ బాలింత గదిలో స్థిరపడింది. ఈ డెబ్బై రోజులూ గడిచేసరికి ఫిబ్రవరి ముగుస్తుంది. మార్చి మొదటి రోజున బడులు తెరుస్తారు.

2025లో ఆ లెక్క తప్పింది. ఆ ఏడు చలికాలమంతా ఆకాశం పొడిగా ఉండిపోయింది. గుల్‌మర్గ్‌లో ఫిబ్రవరి 22న మొదలు కావలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు చాలక వాయిదా వేశారు. అనంతనాగ్ జిల్లాలోని అచ్ఛబల్ మొగలు తోటకు నీరిచ్చే ఊట ఎండిపోయిందని ఊరంతా చెప్పుకున్నారు. మంచు కురవకపోతే మనకేమి నష్టమని మైదానవాసులు అనుకోవచ్చు. కాశ్మీరు రైతుకు మంచే చెరువు. కొండ మీద నిలిచిన మంచు కరిగితేనే వేసవిలో వరిమడికీ, ఆపిలు తోటకూ నీరు అందుతుంది. కాబట్టి ప్రజలు మంచు కోసం ఎదురుచూశారు. అది వచ్చింది, కాని ఫిబ్రవరి చివరి రోజుల్లో, సరిగ్గా పిల్లల పుస్తకాల సంచులు దులుపుతున్న సమయానికి వచ్చింది. జమ్మూ - శ్రీనగర్ రహదారి మూసుకుపోయింది. ప్రభుత్వం సెలవులను ఆరు రోజులు పొడిగించి, మార్చి 7న బడులు తెరుస్తామని ప్రకటించింది.

నేను అప్పుడు టంగ్‌మర్గ్‌కు ఎగువన ఉన్న ఒక పల్లెలో ఉన్నాను. ముప్పై ఏళ్ల క్రితం ఉత్తరప్రదేశ్‌లో ఒకే గదిలో ఉండి చదువుకున్న సహపాఠి ఇల్లు అది. ఆయన ఇప్పుడు ఆ ఊరి మసీదులో ఇమాము. పిల్లలకు దర్స్‌గాహ్‌లో పాఠం కూడా ఆయనే చెబుతారు. శ్రీనగర్ నుంచి నార్బల్, మాగాం మీదుగా సుమోలో బయలుదేరితే దారికి రెండువైపులా ఆకులు రాల్చిన పొప్లార్ చెట్లు కాపలాదారుల వలె నిలిచి ఉంటాయి. టంగ్‌మర్గ్ దాటాక దారి ఎక్కుడు పడుతుంది. అక్కడి నుంచి గుల్‌మర్గ్ 13 కిలోమీటర్లు. మేము వెళ్లిన రోజున నేల పొడిగా ఉంది. మూడోనాటి ఉదయం ఫజర్‌కు లేచి తలుపు తీస్తే గడప కనిపించలేదు.

మంచును చూడని వారికి దాని నిశ్శబ్దం గురించి చెప్పడం కష్టం. మన ఊళ్లలో వాన వస్తే చప్పుడు చేస్తూ వస్తుంది. మంచు దొంగ వలె వస్తుంది. పిక్కల దాకా కూరుకుపోయే మంచులో మసీదుకు నడిచి వెళుతుంటే నా శ్వాసే నాకు వినిపించింది. అప్పుడప్పుడు ఏదో ఒక ఇంటి రేకుల కప్పు మీది మంచుగడ్డ జారి దభాలున పడేది. ఆ ఇళ్ల కప్పులు ఏటవాలుగా ఉండేది మంచు నిలవకుండా జారిపోవడానికే. అది జారేటప్పుడు కింద మనిషి ఉంటే ప్రమాదం. బడికి వెళ్లే దారులన్నీ ఆ కప్పుల అంచుల వెంటే సాగుతాయి.

ఆ ఇంట్లో బడి విషయమై రెండు మాటలు ఉన్నాయి. నా మిత్రుని కుమారుడు సుమో నడుపుతాడు. కోడలు పై ఊరి ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయిని. వారికి పదిహేనేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు. సెలవుల పొడిగింపు వార్త విన్న వెంటనే ఆ తండ్రి మొహం ముడుచుకున్నాడు. ఆరు రోజులకు ఇంత బాధ ఎందుకని నేనడిగాను. అతడు వేళ్లు మడుస్తూ కూతురి చదువు కథ చెప్పాడు. ఆమెను నర్సరీలో చేర్చిన ఏడు 2014. ఆ సెప్టెంబరులో వరదలు వచ్చాయి. ఒకటో తరగతిలో ఉండగా 2016 జూలై వచ్చింది, నెలల తరబడి బడి లేదు. నాలుగో తరగతిలో 2019 ఆగస్టు. మళ్లీ 2020 ఫిబ్రవరి 24న గంట కొట్టారు, మూడు వారాలైనా గడవకముందే కోవిడ్ మూలంగా మూశారు. మధ్యలో కొద్ది వారాలు తెరిచి మూసిన సంగతి అలా ఉంచితే, ఆ పిల్ల నిలకడగా బెంచీ మీద కూర్చున్నది 2022 మార్చి 2 తరువాతే. "మౌలానా, మీకు ఇవి ఆరు రోజులు. నాకు ఇవి పదకొండేళ్ల లెక్కలో ఆరు రోజులు" అన్నాడు.

కోడలు ఆ మాటకు ఎదురు చెప్పలేదు. నూన్ చాయ్ పోసి, కప్పులు మా ముందుంచి, గుమ్మం దగ్గర నిలబడి, మామగారిని ఉద్దేశించి మాట్లాడింది. (ఆ గులాబీ రంగు ఉప్పు టీతో నాకు స్నేహం కుదరడానికి మూడు రోజులు పట్టింది.) "అబ్బా, ఆయన తారీఖు చూస్తున్నారు. నేను గది చూస్తున్నాను" అన్నది. ఆమె బడిలో ఐదు తరగతులకు రెండు గదులు. కింద చాప. బుఖారీ పొయ్యి ఉన్నది కాని అందులో వేయడానికి కట్టెలు చాలవు. పిల్లలు ఇంటి నుంచి కాంగ్డీ తెచ్చుకుంటారు. అంటే వెదురుబుట్ట లాంటి అల్లికలో పెట్టిన మట్టికుండ, దానిలో నిప్పులు. పెద్దలు దాన్ని ఫేరన్ లోపల పెట్టుకుని ఊరంతా తిరుగుతారు. ఆరేళ్ల పిల్లవాడు దాన్ని ఒడిలో పెట్టుకుని అక్షరాలు దిద్దుతుంటే టీచరు చూపు పలక మీద ఉంటుందా, నిప్పుల మీద ఉంటుందా? కిందటేడు ఒక అబ్బాయి ఫేరన్ అంచు కాలిందట. ఆమె కొడుక్కి ఆ వారమంతా దగ్గు. "తెరిచామని చెప్పుకోవడానికి తెరవవద్దు" అన్నది ఆమె మాట. టీచర్లకు సెలవులంటే ప్రీతి అని జనం అంటారని కూడా ఆమెకు తెలుసు. ఆ మాట చెబుతూ నవ్వింది, కాని అది నవ్వు కాదు.

మార్చి 1 శనివారం. పాత లెక్క ప్రకారం బడులు తెరవవలసిన రోజు. ఆ సాయంత్రం రమజాను నెలవంక కోసం ఊరు ఎదురుచూస్తున్నది. మగ్రిబ్ తరువాత మసీదు హమాంలో పురుషులంతా కూర్చున్నారు. కాశ్మీరు మసీదుల హమాం గురించి మన పాఠకులకు చెప్పాలి. అది స్నానపు గది మాత్రమే కాదు. నేల మీద నున్నని రాతిపలకలు పరిచి, కింద ఖాళీ వదిలి, అందులో కట్టెలతో మంట పెడతారు. రాయి వేడెక్కి గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. వజూకు వేడి నీళ్లూ అక్కడే. చలికాలంలో ఊరి రచ్చబండ అంటే అదే.

మొదట నెలవంక మాట, తరువాత బడి మాట. ఒక ఆపిలు తోట యజమాని మార్చి 7 కూడా తొందరే అన్నాడు. ఆయన పిల్లలు కింద పట్టణంలోని ప్రైవేటు పాఠశాలకు బస్సులో వెళతారు. గడ్డకట్టిన మలుపుల్లో బస్సు జారితే ఎవరు బాధ్యులని ఆయన ప్రశ్న. సెలవు నెలలకూ బస్సు రుసుము అడుగుతారన్న కోపం అదనం. ఒక వృద్ధుడు 2005 ఫిబ్రవరిని గుర్తు చేశాడు. కుల్గాం జిల్లాలోని వల్టెంగు నార్ మీద మంచుచరియలు పడి నూటయాభై మందికి పైగా మరణించారు. మంచుతో పందెం వద్దని ఆయన అన్నాడు. అప్పుడు కూలిపని చేసుకునే ఒకాయన, అంతవరకూ గోడకు ఆనుకుని ఊరకున్నవాడు, గొంతు సవరించుకున్నాడు. తన ముగ్గురు పిల్లలు చదివే బడి తన గుమ్మం నుంచి రెండు వందల అడుగులు. బస్సు లేదు, మలుపు లేదు, చరియ లేదు. "మీ పిల్లలు చలికాలమంతా శ్రీనగర్‌లో గది తీసుకుని ట్యూషనుకు వెళ్లారు. వాళ్ల బడి మూతపడిందా? మూతపడింది నా పిల్లల బడి" అన్నాడు. తోట యజమాని జవాబు చెప్పలేదు. హమాంలో కొంతసేపు కట్టెల చప్పుడే వినిపించింది.

ఆ మాట నిజం. శ్రీనగర్‌లో సెలవుల్లో ఉదయపు చీకటిలోనే ఫేరన్లు తొడిగిన పిల్లలు గుంపులు గుంపులుగా ట్యూషను కేంద్రాలకు పోవడం నేను కళ్లారా చూశాను. స్తోమత ఉన్నవారికి చలికాలం రెండో విద్యా సంవత్సరం. లేనివారికి 2024 డిసెంబరు 10 నుంచి ప్రాథమిక తరగతుల పిల్లవాడి ముందు పుస్తకం తెరిచే మనిషి లేడు. అందుచేత బడి తెరవడం గురించి ఇద్దరు తండ్రులు వాదించుకుంటున్నప్పుడు ఇద్దరూ ఒకే బడి గురించి మాట్లాడడం లేదు. నా మనసు కూలిమనిషి వైపే మొగ్గింది. అయితే కోడలు చెప్పిన గదినీ నేను మరువలేకపోయాను.

నన్నూ అడిగారు. మీ వైపు ఏం చేస్తారని. మా వైపు తుఫాను వస్తే కలెక్టరు జిల్లాకు సెలవు ప్రకటిస్తారనీ, ఎండలు ముదిరితే మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు నడుస్తాయనీ చెప్పాను. ఎండకు బడి మూస్తారా అని వారికి ఆశ్చర్యం. జమ్మూ మైదానాల బడులకు వేసవి సెలవులు, లోయకూ కొండప్రాంతాలకూ శీతాకాల సెలవులు అని అక్కడ ముందే రెండు క్యాలెండర్లు ఉన్నాయి. కాని శ్రీనగర్ వీధికీ, టంగ్‌మర్గ్ ఎగువ పల్లెకూ తారీఖు ఒకటే. ఆ వారం రెండు చోట్లా కురిసింది ఒకటి కాదు. రెండు వందల అడుగుల దూరంలో ఉన్న బడి విషయం ఊరి మాస్టారుకూ, ఊరి పెద్దలకూ విడిచిపెడితే ఏమిటన్నది నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి.

మేము ఇలా మాట్లాడుకుంటున్నంతసేపూ హమాం ఒక మూల పదిహేను మంది పిల్లలు ఖాయిదా ముందు పెట్టుకుని ఊగుతూ చదువుతూనే ఉన్నారు. నా మిత్రుడు వారిని చూపించాడు. ఆ దర్స్‌గాహ్ మూడు నెలల్లో ఒక్క సాయంత్రమూ మూతపడలేదట. దానికి ఆయన తన గొప్ప ఏమీ చెప్పుకోలేదు. "నేల వెచ్చగా ఉంది, వస్తున్నారు" అన్నాడు. మనుమణ్ణి పిలిచి నా ముందు చదివించాడు. పసివాడు అక్షరాలను వాటి వాటి స్థానాల నుంచి చక్కగా పలికాడు. తరువాత నేను సరదాగా పదమూడులో నుంచి ఎనిమిది తీసివేయమన్నాను. డిసెంబరుకు ముందు వచ్చేదట ఆ లెక్క. వాడు తాత మొహం చూశాడు, తరువాత తండ్రి మొహం చూశాడు. ఆ తండ్రి ఏమీ అనలేదు. తల దించుకుని కాంగ్డీలో నిప్పులు కదిపాడు.

మరునాడు ఆదివారం మొదటి ఉపవాసం. సోమవారం జొహర్ తరువాత ఆ ఇంటి ముందుగదిలో బుఖారీ వెలిగించారు. కోడలు చాప పరిచి, కొడుకునూ, పక్కింటి పిల్లలనూ కూర్చోబెట్టి లెక్కలు మొదలుపెట్టింది. ఎవరూ ఆమెను అడగలేదు. భర్త మాటకు లోబడి చేసినదీ కాదు, ఎందుకంటే బడి తెరవడం విషయంలో ఆమె మాట అప్పటికీ అదే. ఆ రోజు ఏడుగురు వచ్చారు, బుధవారానికి పదకొండు మంది. కూలిమనిషి పిల్లలు ముగ్గురూ మొదటి రోజే వచ్చారు. భర్త సుమోలో కింది నుంచి కట్టెలు వేసుకుని వచ్చి, ఒక్క మాట లేకుండా వరండాలో దించి వెళ్లాడు. ఇల్లన్నాక ఇలాగే మాట్లాడుకుంటారు కాబోలు.

మార్చి 7 శుక్రవారం. ఎండ కాసింది. దారి మీది మంచు నల్లని బురదగా మారింది. సహరీ తరువాత కాసేపటికే కోడలు మరో ఇద్దరు టీచర్లతో కలిసి పై ఊరికి బయలుదేరింది. పిల్లవాడికి దగ్గు తగ్గింది. తండ్రి వాణ్ణి భుజం మీద ఎక్కించుకుని, కప్పుల అంచులు తప్పించి దారి మధ్యలోనే నడుస్తూ ఊరి బడికి తీసుకువెళ్లాడు. కూలిమనిషి పిల్లలు గంట కొట్టకముందే తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ప్రైవేటు పాఠశాల బస్సు వచ్చింది కాని సగం సీట్లు ఖాళీగా వెళ్లాయి.

జుమా నమాజు ముగించుకుని మేము ఇంటికి వచ్చేసరికి కోడలు తిరిగి వచ్చి ఉంది. ఎంతమంది వచ్చారని మామగారు అడిగారు. ముప్పై ఒక్కరిలో పందొమ్మిది మంది అని చెప్పింది. చాలామంది చేతిలో కాంగ్డీ లేదట. వచ్చినవారిలో చాలామంది పుస్తకాల సంచితో పాటు చంకలో ఒక్కో కట్టె పట్టుకుని వచ్చారట. తెమ్మని తాను చెప్పలేదనీ, ఎవరు చెప్పారో పిల్లలు కూడా సరిగా చెప్పలేదనీ అన్నది.