నడకకూ పునశ్చరణ అవసరమే

వృద్ధులను కదలనీయకుండా కూర్చోబెట్టి సేవ చేయడమే వారికిచ్చే గౌరవమని మన కుటుంబాలలో చాలామంది భావిస్తారు. మంచినీళ్లు మంచం దగ్గరికే వస్తాయి. చెప్పులు కాళ్ల దగ్గరికే వస్తాయి. ఆ ప్రేమను తప్పుపట్టలేము. కాని పని లేని కాళ్లు త్వరగా శక్తిని కోల్పోతాయన్న సంగతిని తరచూ విస్మరిస్తుంటాము.

మనిషి తూలకుండా నిలబడటం సులువుగానే కనిపిస్తుంది. నిజానికి కళ్లు, లోపలి చెవి, పాదాలలోనూ కీళ్లలోనూ ఉండే స్పర్శజ్ఞానం – ఇవి మూడూ అనుక్షణం మెదడుకు సమాచారం పంపుతుంటాయి. మెదడు ఆజ్ఞను బట్టి కండరాలు శరీరాన్ని నిలబెడతాయి. వయసు పెరిగేకొద్దీ ఈ ఏర్పాటు మందగిస్తుంది. మధుమేహం ఉన్నవారిలో పాదాల స్పర్శ మరింత తగ్గవచ్చు.

రెండేళ్ల క్రితం, 78 ఏళ్ల వయసులో, మా అబ్బాజాన్ వుజూ చేసేచోట జారిపడ్డారు. అల్లాహ్ దయవల్ల ఎముకలు విరగలేదు. కాని ఆ భయంతో మస్జిదుకు వెళ్లడం మానుకున్నారు. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయడానికి ధర్మం అనుమతించిందని ఆయనకు తెలుసు. ఫజ్ర్ జమాఅత్‌లో పక్కన నిలబడే మిత్రులు దూరమయ్యారన్నదే ఆయన దిగులు. భయం వల్ల నడక తగ్గింది. నడక తగ్గేసరికి కాళ్లు బలహీనపడ్డాయి. అది చూసి భయం ఇంకా పెరిగింది.

ఆయనను పరీక్షించిన ఫిజియోథెరపిస్టు, మామూలు నడక ఒక్కటే చాలదని, నిలదొక్కుకోవడాన్ని కాళ్లకు మళ్లీ నేర్పాలని చెప్పారు. వరండాలో అభ్యాసం మొదలైంది. గోడకు చేయి ఆనించి పక్కకు పది అడుగులు, తిరిగి పది అడుగులు. కొన్నాళ్లకు, ఒక పాదం వేళ్ల ముందు రెండో పాదం మడమను ఆనిస్తూ, గచ్చు మీది గీత వెంబడి నడక. ఆ తరువాత బరువైన కుర్చీ పట్టుకుని, పది లెక్కపెట్టేదాకా ఒంటికాలిపై నిలబడటం. మదర్సా నుంచి రాగానే నేను పక్కన నిలబడేవాణ్ణి. "నన్ను మళ్లీ అలిఫ్, బే దగ్గర కూర్చోబెట్టావురా!" అని ఆయన నవ్వేవారు.

ఆ మాటలో నిజముంది. హిఫ్జ్ చేసే విద్యార్థి పునశ్చరణ మానితే కంఠస్థమైన భాగం జారిపోతుంది. కాళ్లు నేర్చిన విద్య కూడా అటువంటిదే. 65 ఏళ్లు, ఆపై వయసువారు వారానికి కనీసం 3 రోజులు సమతుల్యతను, బలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. నాలుగు నెలల తరువాత మా అబ్బాజాన్ చేతికర్ర సాయంతో ఫజ్ర్‌కు వెళ్లగలిగారు. నేటికీ అభ్యాసం మానలేదు.

అయితే, తరచూ పడిపోయేవారు, లేవగానే కళ్లు తిరిగేవారు, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. నేల తడిగా ఉండకూడదు. అరిగిన చెప్పులు వాడకూడదు. పక్కన ఒకరు తప్పనిసరిగా ఉండాలి.

ఆ ఒక్కరు ఇంటి బిడ్డలే అయితే ఎంత బాగుంటుంది! పెద్దలకు మంచినీళ్లు అందించే చేతులు, రోజూ కాసేపు వారి నడకకు ఆసరాగానూ నిలవాలి.