ఏటి యొడ్డు విడిది

తిథి నిశ్చయించుకొనక వచ్చువాడు కావుననే అతిథి యని పెద్దలు చెప్పుదురు. పూర్వము వాన వచ్చినప్పుడు అతిథి వచ్చెడివాడు. చీకటిపడి, ఏరు పొంగి, దారి తప్పినవాడు దీపము కనబడిన యింటి తలుపు తట్టెడివాడు. గృహస్థు అరుగు చూపి, తల తుడుచుకొనుటకు పొడిగుడ్డ యిచ్చి, ఉన్నదానిలో పెట్టెడివాడు. నేటి అతిథి అట్టివాడు కాడు. అతడు తన తిథిని రెండు నెలలకు ముందే నిశ్చయించుకొనును. గదికి బయానా చెల్లించును. ఆ దినమున ఎంత వాన కురిసినను, కట్టిన సొమ్మునకై, దొరకిన నాలుగు నాళ్ల సెలవునకై, వానలోనే బయలుదేరును. వెనుకటివానిని వాన యింటికి తెచ్చెడిది. ఈతడు వానను లెక్కింపక వచ్చుచున్నాడు. ఈ భేదము చిన్నదిగా తోచును గాని, ఆతిథేయుని ధర్మమును మొదలంట మార్చివేసినది. వెనుకటి గృహస్థు ధర్మము తలుపు తెరచుటతో ఆరంభమయ్యెడిది. నేటివాని ధర్మము అతిథి యింకను తన యూరిలో పెట్టె సర్దుకొనుచున్నప్పుడే ఆరంభము కావలసియున్నది.

హిమాచల ప్రదేశమున గ్రామస్థులు తమ యిండ్లలోని కొన్ని గదులను యాత్రికులకు అద్దెకిచ్చుకొనుటకై 2008 లో ప్రభుత్వ మొక పథకము నేర్పరచినది. హోంస్టే యను మాట నేడు ఆ కొండలలో ముసలివారి నోటను వినవచ్చును. ఆపిల్ కాపు తప్పిన యేడు పిల్లల చదువులకు ఈ గదుల అద్దెయే ఆధారము. దీనిని తప్పుపట్టుటకు ఎవరికిని అధికారము లేదు. ఐనను కులూ లోయలోని పాత గ్రామములను చూచినవారికి ఒక విషయము తట్టకపోదు. అవి యేటికి చాల ఎత్తున, కొండవాలుపై నున్నవి. రాళ్లును దూలములును వరుసలుగా పేర్చి కట్టిన ఆ యిండ్లనుండి, పురాణములు విపాశ యని పిలిచిన బియాస్ నది, క్రింద తెల్లని దారమువలె కనబడును. ఏటిప్రక్కనున్న చదునునేలను పూర్వులు పైరునకును పశువులకును విడిచిరి. నిద్రించుటకు మాత్రము పైకి పోయిరి. రోడ్డు ఆ చదునున వచ్చినది. రోడ్డు వెంట విడుదులు వచ్చినవి. నేడు నది కనబడు గదికి అద్దె యెక్కువ; నది వినబడు గదికి ఇంకను ఎక్కువ.

ఆ గదిలో దిగిన పట్టణవాసికి నది యొక దృశ్యము మాత్రమే. నీరు అకస్మాత్తుగా బురదరంగునకు మారుట యేమో, వానలో నీరు పెరుగుటకు మారుగా తగ్గినచో పైన నెక్కడనో కొండచరియ విరిగి అడ్డుపడి యుండవచ్చుననుట యేమో, రాత్రివేళ బండలు దొర్లు చప్పుడు హెచ్చినచో ఏమి చేయవలెనో అతడెరుగడు. 2014 జూన్ 8 న మండి జిల్లాలోని థలౌట్ వద్ద హైదరాబాదునుండి విహారయాత్రకు వచ్చిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలో కొట్టుకొనిపోయిన సంగతి తెలుగువారు మరువలేదు. అది వానవలని వరద కాదు. ఎగువనున్న లార్జీ ఆనకట్టనుండి వదలిన నీరు. ఫొటోలకై నదిలోని రాళ్లపైకి దిగిన ఆ పిల్లలకు, ఆ నీటి నడత నెరిగినవారి మాట వేళకు అందలేదు. క్రొత్తవానికిని స్థానికునికిని ఉన్న అంతరము ధనములో లేదు, విద్యలో లేదు. ఈ యెరుకలో నున్నది. అద్దె పుచ్చుకొన్నవాడు గదితో పాటు ఈ యెరుకను కూడ ఇయ్యవలసినవాడే.

ఐతే ఆతిథేయునికి మాత్రము ఆ యెరుక నిలిచియున్నదా? ఉత్తరకాశీ జిల్లాలో గంగోత్రికి పోవు దారిని ధరాలీ యను ఊరున్నది. భాగీరథిలో కలియు ఖీర్ గాడ్ అను వాగు యుగములుగా తెచ్చి పోసిన రాతిమట్టి దిబ్బపైననే ఆ యూరి బజారు, విడుదులు, హోటళ్లు వెలసినవి. అచ్చట కల్పకేదార మను ప్రాచీన శివాలయ ముండెడిది. అది చాలవరకు నేలలో కూరుకొని యుండుటచే భక్తులు క్రిందికి దిగి దర్శనము చేసికొనెడివారు. గుడిని భూమిలో నెవరును కట్టరు. వాగు మునుపొకప్పుడు దానిని పూడ్చిన దనుటకు అంతకంటె సాక్ష్యమేమి? యాత్రికులు ఆ సాక్ష్యమునకు నమస్కరించి, దాని ప్రక్కనే బస చేసిరి. 2025 ఆగస్టు 5 మధ్యాహ్నము ఆ వాగు బురదయు బండలుగా దిగివచ్చి, క్షణములలో బజారును ముంచి, గుడిని మరల పూడ్చినది. ఆ నాడు దాపుననున్న వర్షమాపకములలో పెద్ద వాన నమోదు కాలేదు. గంటకు 10 సెంటీమీటర్ల వాన కురిసినగాని మేఘవిస్ఫోటన మనరు. ఇచ్చట అట్టిది కనబడలేదు. పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలను మాత్రమే నమ్ముకొన్నవానికి ఇట్టి దినము అంతుపట్టదు.

భాగీరథికి ఆవలి గట్టున, ఎత్తైన వాలుమీద, ముఖబా గ్రామమున్నది. పైనుండి వరద దిగుట చూచిన ఆ గ్రామస్థులు ఈలలు వేసిరి, కేకలు పెట్టిరి. నది కడ్డముగా వారు చేయగలిగిన దంతే. కొందరు విని పరుగెత్తిరి. అందరికి వ్యవధి చాలలేదు. పోయినవారిలో అతిథులేగాక, ఆ విడుదులలో వండి పెట్టువారు, క్రొత్త గదులు కట్టుటకు నేపాలునుండియు బీహారునుండియు వచ్చిన కూలీలు కూడ నున్నారు. ఆతిథ్యమును గురించి ఎంత వ్రాసినను వీరి మాట రాదు. నదికి మిక్కిలి చేరువగా పండుకొనునది మాత్రము తరచు వీరే. ధరాలీవారు తెలిసి యాత్రికుల మోసగించిరనుట అన్యాయము. వారును తమ బిడ్డలతో అచ్చటనే యుండిరి. వారు మరచిరి, మరచుటకు తగినంత లాభముండెను.

చట్టము ఈ విషయమున నేమి చెప్పుచున్నదో చూడబోయిన ఆశ్చర్యము కలుగును. 1867 నాటి సరాయిల చట్టము సత్రపు యజమాని విధులను శ్రద్ధగా చెప్పినది. గదులు, కాలువలు, బావులు శుభ్రముగా నుంచవలెను, గోడలును కప్పులును మరమ్మతు చేయింపవలెను, కావలివాండ్రను పెట్టవలెను, దొంగలు ఎక్కిదిగుటకు వీలగు చెట్టుకొమ్మలను కొట్టివేయవలెను! దొంగను తలచినంతగా వరదను తలచలేదు. ఇక 1872 నాటి కాంట్రాక్టు చట్టము, 56 వ సెక్షనున, జరుపుట అసాధ్యమైన ఒప్పందము చెల్లదనుచున్నది; 65 వ సెక్షను, అట్టి ఒప్పందమువలన పొందిన లాభమును తిరిగి యిమ్మనుచున్నది. దారి తెగిపోయిన పిదప ఈ సెక్షనులు పనికివచ్చును. దారి యింకను తెగక, ఆకాశము మాత్రము నల్లబడియున్న సాయంకాలమున, బయానా తిరిగి యిచ్చుట కేవలము మనుష్యుని యిష్టముపై నున్నది. వానలో వచ్చి ప్రాణములమీదికి తెచ్చుకొను అతిథులలో, సొమ్ము పోవునను భయముతో వచ్చువారు కొందరుండక పోరు. ఆ సొమ్మును అడుగకముందే తిరిగి యిచ్చినవాడు త్రాడును దోనెయు సిద్ధపరచినవానికంటె నెక్కువ చేసినవాడు.

తుపాను విషయమున కొంత వెసులుబాటు గలదు. అది దినముల ముందే తెలియును. 2019 మే 3 న ఫణి తుపాను పూరీ వద్ద తీరము దాటుటకు ముందే, ఒడిశా ప్రభుత్వము యాత్రికులను ఊరు విడిచి పొమ్మన్నది. ప్రత్యేక రైళ్లు నడిచినవి. తీరమునుండి పదిలక్షలకు పైబడిన జనమును తరలించిరి. జగన్నాథుని ఊరిలోనే పొమ్మనుట ఆతిథ్యమైనది. కొండలలో అట్టి వ్యవధి యుండదు. 2023 జూలైలో నాలుగైదు దినముల వానకు బియాస్ పొంగి, మనాలీ దారి తెగి, టెలిఫోనులు మూగవోయినప్పుడు వేలాది యాత్రికులు చిక్కుకొనిరి. విడుదులవారు పలువురు అద్దె యడుగక అన్నము పెట్టిరి. సుమారు 14,000 అడుగుల ఎత్తున చంద్రతాల్ సరస్సు వద్ద గుడారములలో 250 మందికి పైగా మంచులో చిక్కుకొనగా, వారిని చేర్చుటకు దినములు పట్టినది. అట్టి చోట గోనెలో బియ్యమెంత యున్నది, ఎవరెవరు ఏ గుడారమున నున్నారు అను లెక్క వ్రాసిన చిన్న పుస్తకము ఎంత విలువైనదో, దూరదేశమున బంధువుల జాడకై ఎదురుచూచినవారే చెప్పగలరు.

ఇంత చేసిన ఆతిథేయుని కీర్తి లోకము చెప్పుకొనును. ముందే వారించినవాని సంగతి వేరు. అతడు సాయంకాలము టెలిఫోనులో, "అయ్యా, ఈ రెండు దినములు రావలదు, ఏరు బాగుగా లేదు, మీ సొమ్ము పంపుచున్నాను" అనును. అవతలివాడు ఢిల్లీలో నిర్మలాకాశమును చూచుచు విసుగుకొనును. ఎక్కువ అద్దెకు మరియొకరు దొరకినారేమోనని యనుమానించును. నక్షత్రములు లెక్కించి మార్కులు వేయుచోట తక్కువ మార్కు వేయును. ఆ రాత్రి నది గట్టుదాటక పోవచ్చును. బ్యాంకు వాయిదా మాత్రము తప్పదు. అతడు ఏటివైపు గదికి తాళము వేసి, వంటవానిని పరుపు తీసికొని పై యింటికి వచ్చి పండుకొమ్మని కేక వేయును.