55వ ఎత్తు దగ్గర ఆగిన క్లాసు

గుంటూరులో చదరంగం బోర్డు కొత్త కాదు. పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారికల ఊరిది. మేం వెళ్లిన సాయంత్రం, ఓ మేడమీది క్లాసులో పిల్లలు 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో జరిగిన ఆటను మళ్లీ ఆడుతున్నారు. ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేమ్: తెల్లపావులు డింగ్ లిరెన్‌వి, నల్లవి గుకేశ్‌వి. అప్పటికి స్కోరు 6.5–6.5.

గోడకి రాసిపెట్టిన నియమం ఒకటే: ఫోన్లు బయట. ఎత్తుల కాగితం మీద అట్టముక్క కప్పి కోచ్ ఒక్కో ఎత్తే కిందికి జరుపుతున్నారు. తర్వాతి ఎత్తు ఏమిటో, ఎందుకో పిల్లలు ముందు నోటుబుక్కులో రాయాలి.

55వ ఎత్తు దగ్గర అట్ట ఆగింది. ఇద్దరికీ చెరో రూక్, చెరో బిషప్. తెలుపుకి ఒక బంటు, నలుపుకి రెండు. జాగ్రత్తగా ఆడితే డ్రా.

"రూక్స్ కొట్టించేస్తే అయిపోద్ది కదా సార్, డ్రా" అంది ముందు బల్ల మీది అమ్మాయి.

"ఏదీ, పెట్టి చూపించమ్మా."

రూక్‌ని ఎఫ్2లో పెట్టింది. రూక్స్ పోయాయి. కోచ్ నల్ల బిషప్‌ని డి5కి తెచ్చారు. తెల్ల బిషప్ ఉన్నది ఏ8లో, బోర్డు మూల. దానికున్న దారి ఒక్కటే, ఆ దారిలోనే నల్ల బిషప్ నిలబడింది. ఎటు కదిలినా చావే, మార్పిడి తప్పదు. మిగిలింది కింగులు, బంట్లు. ఆ అమ్మాయే నాలుగైదు ఎత్తులు వేసి, ఓటమి ఖాయమని తేల్చుకుంది. ఆ రోజు డింగ్ వేసిన ఎత్తూ ఇదేనని కోచ్ అట్ట తీసి చూపించారు. 58 ఎత్తులకు డింగ్ ఓటమి ఒప్పుకున్నారు. 18 ఏళ్లకే గుకేశ్ ప్రపంచ చాంపియన్. గుకేశ్‌కి తెరవెనక సాయపడిన బృందంలో హరికృష్ణ ఉన్నారనగానే పిల్లల ముఖాలు వెలిగాయి.

కంప్యూటర్ ఇంజిన్ అయితే ఆ రూక్ ఎత్తు పెద్ద తప్పని క్షణంలో చెప్పేస్తుంది. కానీ పావులు తగ్గితే ప్రమాదం తగ్గుతుందన్న నమ్మకం అప్పటి ప్రపంచ చాంపియన్ డింగ్‌ని కూడా ఎలా లాగగలిగిందో ఆ అమ్మాయికి తెలిసింది చేత్తో ఆడబట్టే. ఈ పద్ధతి నెమ్మదే, ఒక్క గేముకే సాయంత్రమంతా పడుతుంది. అంత సమయమూ దానికి ఇవ్వాల్సిందే.

తర్వాత ఎవరి సొంత గేములు వాళ్లు తీశారు, ఓడినవి ముందు.