ఓవెనా, అలమారా?

కొత్త ఫ్లాట్‌లో గోడలోనే బిగించిన ఓవెన్ చూసి తెగ మురిసిపోయాను. తీరా వాడింది నెలకోసారి. మిగతా రోజుల్లో, చెప్పడానికి సిగ్గే గానీ, అదొక అలమార. మూకుళ్ళు, పెనాలు, ప్లాస్టిక్ డబ్బాలు అన్నీ అందులోకే.

సెలవులకొచ్చిన మా అమ్మాయి మొన్న కేకు చేస్తానని, లోపల చూడకుండానే 180 డిగ్రీలకు పెట్టేసి పిండి కలుపుతోంది. నేను బాల్కనీలో బట్టలారేస్తున్నాను. ఒకటే కమురు కంపు! పరుగెత్తుకొస్తే అద్దం వెనక నల్లటి పొగ. చెంబుతో నీళ్ళు తీసుకుని తలుపు లాగబోయాను.

అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. "తలుపు తియ్యకమ్మా, గాలి తగిలితే మంట లేస్తుంది. కరెంటు దాని మీద నీళ్ళేమిటి? ముందు మెయిన్ కట్టెయ్యి." ఆ ఓవెన్‌ని ఏనాడూ ముట్టుకోలేదావిడ. కట్టెల పొయ్యి మీద వండిన మనిషి మరి!

కిటికీలన్నీ తెరిచి, పూర్తిగా చల్లారేదాకా దాని జోలికెళ్ళలేదు. అమ్మాయి ఏడుస్తోంది. తిట్టడానికి నోరు రాలేదు, డబ్బాలు పెట్టింది నేనేగా!

గట్టిపడ్డ ప్లాస్టిక్‌ని చెక్క గరిటెతో పెళ్ళగించాను. మసికి వంటసోడా ముద్ద పూసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే తడిగుడ్డతో తుడిచాను. స్టీలు పీచు వాడలేదు, అద్దం మీద గీతలు పడతాయని. వేడి కడ్డీకి అంటుకున్నదాని కోసం మాత్రం మెకానిక్‌నే పిలిచాను.

ఇప్పుడు ఓవెన్ ఖాళీ. మూకుళ్ళేమో గట్టు మీద వరసగా కూర్చున్నాయి. మీరంతా ఎక్కడ పెట్టుకుంటున్నారు?