మెట్టసీమకు సముద్రమేల?

పాలమూరు, నల్లగొండ కుర్రకారు ఫోన్లలో మూడు ఇష్టాలు కలిసి తిరుగుతున్నాయి. సముద్రం అడుగున బతికే వింత జీవులు ఒకటి, అంతరిక్షం ఇంకొకటి, సినిమాలూ సూపర్‌హీరోలూ మూడోది. ఒకే పిల్ల పొద్దున మూడు గుండెల ఆక్టోపస్ వీడియో పంచుతుంది, మధ్యాహ్నం జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన బొమ్మ పెడుతుంది, రాత్రికి ప్రభాస్ సినిమా ట్రైలర్ మీద చర్చకు దిగుతుంది. ఇది చూసిన పెద్దలు అనే మాట ఒక్కటే. దగ్గరి తీరానికి పోవాలన్నా రోడ్డున రెండు వందల కిలోమీటర్లు దాటాలి, ఎండాకాలం వస్తే బోర్లు ఎండిపోతాయి, ఇక్కడివాళ్లకు తిమింగలాలెందుకు, చుక్కలెందుకు? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన మనుషులున్న జిల్లా ఒకటి, మేస్త్రీ వెంట బస్సెక్కి వలసపోయిన ఊళ్లున్న జిల్లా ఇంకొకటి. అలాంటి చోట దూరపు అద్భుతాల మీద మోజు బాధ్యత తప్పించుకోవడంలా కనిపిస్తే తప్పు పట్టలేం. అయినా ఈ ఆరోపణ నిలవదనే నేనంటాను. ఆకాశంతో, సముద్రంతో ఈ నేలకున్న సంబంధం ఫోన్లతో మొదలైంది కాదు. అది చాలా పాతది, రుజువులున్నది. లోపమంటూ ఉంటే పంచుకునే తీరులో ఉంది. వచ్చే ప్రతి వింతా ఊరూ పేరూ లేకుండా వస్తోంది, మనమూ అలాగే ముందుకు తోసేస్తున్నాం.

రుజువుల్లో మొదటిది వనపర్తి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం దక్కను మీదుగా సాగి బందరు దగ్గర సముద్రంలోకి దిగింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో మకాం వేసి, సూర్యుడి అంచున ఎగసిపడే మంటల వెలుగును వర్ణపటదర్శినితో పరీక్షించాడు. హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలైంది కాబట్టి గుంటూరు పేరు సైన్సు పుస్తకాల్లో అప్పుడప్పుడైనా వినిపిస్తుంది. అదే గ్రహణం కోసం మద్రాసు అబ్జర్వేటరీ నుంచి ఒక బృందం నిజాం రాజ్యంలోని వనపర్తికి వచ్చింది. ఆ సంగతి వనపర్తిలోనే ఎందరికి తెలుసో అనుమానమే. బృందానికి పెద్ద చింతామణి రఘునాథాచారి. అంతకు ముందు ఏడాదే ఆయన ఆర్ రెటిక్యులి అనే చరకాంతి నక్షత్రాన్ని కనిపెట్టాడు, 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యాడు. మన విషయానికి ఈ బిరుదుల కన్నా పనికొచ్చేది ఆయన 1874లో చేసిన పని. ఆ ఏడు డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటబోతున్నాడని ముందుగానే ఒక చిన్న పుస్తకం రాసి, ఇంగ్లీషులోనూ దేశభాషల్లోనూ వేయించాడు. ఒక సిద్ధాంతి, ఆయన మిత్రులు కూర్చుని మాట్లాడుకున్నట్టు సాగుతుందది. వాళ్లు సందేహం అడుగుతారు, ఆయన తీరుస్తాడు. పంచాంగం లెక్కలను దుర్భిణిలో కనిపించిన దానికి సరిపెట్టాలని వాదించిన మనిషి ఆయన. పాత చదువు చదివినవాళ్లను వెక్కిరిస్తే వినరని తెలుసు. అందుకే వాళ్లను కూడా సంభాషణలో కూర్చోబెట్టాడు. చూసింది చూసినట్టు తోటివాళ్లకు చెప్పాలన్న తహతహ, అవతలివాడు ఎదురు ప్రశ్న వేయడానికి చోటు: ఇప్పటి కుర్రాళ్లు ఫోన్లో చేసే పని నూటయాభై ఏళ్ల కింద అచ్చు యంత్రం మీద జరిగింది.

ఆ చోటు లేకపోతే ఏమవుతుందో 1980 ఫిబ్రవరి 16 చూపించింది. 1898 తర్వాత మన దేశపు గడ్డ మీద కనిపించిన సంపూర్ణ సూర్యగ్రహణమది. చంద్రుడి నీడ పడమటి తీరాన మొదలై రాయచూరు, పాలమూరు, నల్లగొండ, ఖమ్మం మీదుగా ఒడిశా వైపు సాగింది. ఇబ్రహీంపట్నం అవతల, మంచాల మండలంలోని జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1968 నుంచి 48 అంగుళాల టెలిస్కోపుతో వేధశాల ఉంది; అదీ సరిగ్గా నీడ దారిలోనే పడింది. ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో పరికరాలు మోసుకుని ఈ దారి వెంట బారులు తీరారు. ఊళ్లు మాత్రం తలుపులు బిగించుకున్నాయి. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు నల్లటి బిళ్లగా మారి, చుట్టూ తెల్లటి కిరీటం విచ్చుకుని, పగలే చుక్కలు కనిపించే రెండు నిమిషాలను ఈ రెండు జిల్లాల జనంలో ఎక్కువమంది చీకటి గదుల్లో గడిపారు. దీన్ని మూఢనమ్మకమని ఒక్క మాటలో తీసిపారేయడం నాకు నచ్చదు. చూస్తే కళ్లు పోతాయని చెప్పింది పెద్దమ్మలొక్కరే కాదు, రేడియో, పత్రికలు కూడా జాగ్రత్తలనే ముందు చెప్పాయి. ఎలా చూస్తే కళ్లు పోవో, ఆ అద్దాలు ఎక్కడ దొరుకుతాయో ఊరిదాకా చేరలేదు. హెచ్చరిక వచ్చింది, అడగడానికి మనిషి లేడు. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువం దాపున దిగుతున్నప్పుడు ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో చూసినవాళ్లు 80 లక్షలు దాటారు. తలుపులు మూసుకున్న తరానికీ, తెరకు అతుక్కుపోయిన ఈ తరానికీ మధ్య బడి చదువు పెరిగిన మాట నిజమే. అంతకు మించి పెరిగింది పక్కవాడికి చూపించే అలవాటు.

అలవాటు మంచిదే గానీ దాని మీదే అబద్ధమూ సవారీ చేస్తుంది కదా అని అడగవచ్చు. చేస్తుంది. సూర్యగ్రహణం వస్తే చాలు, రోకలి వీడియోలు వాట్సాప్ నిండా తిరుగుతాయి. పళ్లెంలో పసుపు నీళ్లు పోసి, నడుమ రోకలి నిలబెట్టి, పట్టు వదిలేస్తారు. గ్రహణం ఉన్నంతసేపు అది కదలదనీ, విడవగానే పడిపోతుందనీ నమ్మకం. నిజానికి రోకలి అడుగున ఇనుప పొన్ను బిగించి ఉంటుంది, దాని అంచు చదును; బరువు నిట్టనిలువుగా ఆ చదును మీదికి వచ్చేలా ఓపికగా సర్దితే అమావాస్యకైనా, మంగళవారానికైనా నిలబడుతుంది. ఈ మాట చెప్పి, మామూలు రోజున నిలబెట్టి చూపిస్తే తేలిపోయే విషయమిది. అపోహ ఎంత వేగంగా వస్తుందో, దాన్ని పరీక్షించే పనిముట్టు అంత దగ్గర్లో, ఇంటి మూలనే ఉంది. కాబట్టి అబద్ధాలకు భయపడి పంచుకోవడమే మానాలనడం కుదరదు. మానితే మిగిలేది రోకలి వీడియో ఒక్కటే.

సముద్రం సంగతికి వస్తే ఆక్షేపణ ఇంకా గట్టిగా వినిపిస్తుంది: ఆకాశమైతే అందరిదీ, సముద్రం మనదెట్లా అవుతుంది? మేళ్లచెర్వు, మఠంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వరస కట్టింది అక్కడి సున్నపురాయి కోసం. ఆ రాయి లోతులేని సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్న బురద. చేప కూడా ఇంకా పుట్టని కాలమది; కంటికి కనిపించని సూక్ష్మజీవులదే ఆ నీళ్ల మీద రాజ్యం. తాండూరు నుంచి లారీల్లో వచ్చే నాపరాళ్లూ అలాంటి మరో సముద్రపు సరుకే. ఇంట్లో పరిచిన బండ అంచును దగ్గరగా చూస్తే కాగితాల దొంతరలాంటి పొరలు కనిపిస్తాయి. సుత్తి దెబ్బకు ఆ పొర వెంటే చీలుతుంది గనక మేస్త్రీకి పని తేలిక. కృష్ణ ఒడ్డున నల్లమల అంచుల్లో దొరికే గట్టి ఇసుకరాతి పలకల మీదైతే అలలు తట్టిన చారలు ఇప్పటికీ చెక్కినట్టు ఉంటాయి. వాటి కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఈ రెంటికీ మధ్య సందులో, పెద్దగట్టు, లంబాపూర్, చిత్రియాల ప్రాంతంలో యురేనియం ఉంది. అంత బరువైన మూలకం భూమి మీద తయారయ్యేది కాదు. నక్షత్రాలు పేలినప్పుడో, న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడో పుట్టి, భూమి ఏర్పడేటప్పుడు అందులో కలిసింది. అంటే దేవరకొండ దాటి కొంత దూరం పోతే పైన సముద్రపు ఇసుక, కింద చుక్కల బూడిద. ఆస్ట్రేలియా పగడపు దిబ్బల వీడియో వంద మందికి పంపిన పిల్లవాడు పక్క మండలంలోని ఈ రాయి ఫొటో ఒక్కటి కూడా పంపకపోవడమే నా ఫిర్యాదు. పగడపు దిబ్బలు వద్దని కాదు, వాటి పక్కన దీన్ని పెట్టమని.

దూరపు జీవుల మోజులో పడి దగ్గరివాటి పేర్లు మరిచిపోతున్నారన్నది ఇంకో విమర్శ, ఇది కొంత నిజం. ఏంగ్లర్ చేప నెత్తిన దీపం ఎందుకుంటుందో చెప్పగలిగినవాళ్లు చెరువులోని జెల్లకూ వాలుగకూ తేడా చెప్పలేరు. కానీ ఒక ఇష్టం ఇంకో ఇష్టాన్ని తరిమేస్తుందనడానికి ఆధారం లేదు. సాధారణంగా దారి వేస్తుంది. మృగశిర కార్తె ఉంది చూడండి. సూర్యుడు మృగశిరా నక్షత్రంలో ప్రవేశించే రోజు, జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. రోహిణి ఎండలు విరిగి, దుక్కులకు వేళయ్యే ఆ రోజు తెలంగాణలో చేప తినని ఇల్లు అరుదు. ఆకాశంలో సూర్యుడి చోటు చూసుకుని చెరువు చేపను వండుకునే జనానికి ఖగోళమూ జలచరాలూ కొత్తగా ఎవరో పరిచయం చేయాలా? ఆనాటి చేపల మార్కెట్లో రాజు మన రాష్ట్ర చేప కొర్రమీను. జిగురుకు చేతిలో నిలవదు, అందుకే అమ్మేవాళ్లు బూడిదలో పొర్లించి పట్టుకుంటారు. తొట్టిలో నీళ్లు తక్కువైనా గంటల తరబడి బతికుంటుంది. మొప్పల పైన దానికి గాలి పీల్చుకునే అర ఒకటి ప్రత్యేకంగా ఉంది. మాటిమాటికీ పైకి వచ్చి నోరు తెరిచేది అందుకే. ఇంత వింత జీవి పక్క వీధిలో బేరానికి వస్తుంటే దాని మీద తెలుగులో మంచి వీడియో దొరకడం కష్టం. చేయాల్సింది ఎవరు మరి? ఆక్టోపస్ వీడియో చూసి, జంతువును ఎలా గమనించాలో నేర్చుకున్న ఆ పిల్లే.

సినిమాల దగ్గరికి వచ్చేసరికి చదువుకున్నవాళ్ల పెదవి ఇంకాస్త విరుగుతుంది. శాస్త్రాన్ని హీరోయిజంలో ముంచి చెడగొడతారని వాళ్ల బాధ. సంకల్ప్ రెడ్డి 2017లో ‘ఘాజీ’తో సముద్రం అడుగుకూ, మరుసటి ఏడాది ‘అంతరిక్షం’తో భూకక్ష్యకూ తెలుగు ప్రేక్షకుణ్ణి తీసుకుపోయాడు. రెంటిలోనూ తప్పులు వెతకవచ్చు. 1971లో విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి మునిగిన తీరు మీద రెండు దేశాల కథనాలు ఇప్పటికీ కలవవు. సినిమా తనకు అనువైన కథ చెప్పింది. అయితే ఆ తేడా ఏమిటని జనం వెతకడం మొదలుపెట్టింది సినిమా చూశాకే. నాగర్‌కర్నూల్ జిల్లాలో మూలాలున్న నాగ్ అశ్విన్, ‘కల్కి 2898 ఏడీ’ కోసం భవిష్యత్తు వాహనాలు తయారుచేయడానికి ఇంజనీర్ల సాయం కావాలని 2022లో ఆనంద్ మహీంద్రాను ట్విట్టర్‌లోనే అడిగాడు, సాయం వచ్చింది, బుజ్జి అనే కారు నిజంగానే రోడ్డెక్కింది. సినిమా మోజు, ఇంజనీరింగు, బాహాటంగా అడగడం కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలు. ఇంతకన్నా బరువైన ఉదాహరణ 2019 నాటిది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు కేంద్రం దారి తెరిచినప్పుడు చెంచులు, ఊళ్లవాళ్లు అడ్డం తిరిగారు. నల్లగొండ వైపు 2003 నుంచే ఈ గొడవ ఉంది, కానీ కృష్ణ దాటి వినిపించింది తక్కువ. ఈసారి ‘సేవ్ నల్లమల’ అన్న మాట అచ్చంపేట మూలాలున్న విజయ్ దేవరకొండ సహా సినిమావాళ్ల ఖాతాల్లోకి ఎక్కింది. వాళ్ల అభిమానుల్లో చాలామందికి అమ్రాబాద్ ఎక్కడుందో అప్పుడే తెలిసి ఉంటుంది. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఘనత పోరాడినవాళ్లది, స్టార్లది కాదు. కాకపోతే రాతి సంగతీ అడవి సంగతీ అభిమానుల దాకా మోసింది మనం తేలిగ్గా చూసే ఆ పాపులర్ కల్చరే.

2031 మే 21న కేరళ, తమిళనాడు మీదుగా కంకణ సూర్యగ్రహణం వెళుతుంది. పాలమూరు, నల్లగొండల్లో ఆ మధ్యాహ్నం పాక్షికంగానే అయినా సూర్యుడిలో పెద్ద ముక్కే కొరికినట్టు కనిపిస్తుంది. సరైన సోలార్ ఫిల్టరు అద్దాలు ముందుగా తెప్పించుకోవడం, వనపర్తి కోట దగ్గరో నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరో నలుగురూ కలిసి చూసి దాన్ని తెలుగులో, ఊరి పేరుతో ప్రసారం చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. రోకలి వీడియోలు ఎలాగూ వస్తాయి. మే 22న అదే రోకలిని, అదే పళ్లెంలో నిలబెట్టి ఇంకో వీడియో తీసి పెడితే సరి.