అంతర్వాహిని కావలసిన విద్యుత్తు

త్రివేణీ సంగమమున గంగయు యమునయు కంటికి గానవచ్చును. సరస్వతి మాత్రము కానరాదు. ఆమె అంతర్వాహిని యని పెద్దలు చెప్పుదురు. కానరానంతమాత్రమున ఆమె మహిమకు లోపమేమియు లేదు. మన యిండ్లకు వెలుగునిచ్చు విద్యుత్తు గూడ అట్లే అంతర్వాహిని కావలయుననియు, వీథులపై వ్రేలాడు తీగెలు నేలలోనికి దిగవలయుననియు నేడు పెక్కు పట్టణములలో వినవచ్చుచున్నది. ఇది ఇంజనీర్ల ముచ్చట, మనకేల యని సోదరీమణులు పుట త్రిప్పకుందురుగాక! మిద్దెపై బట్టలారవేయునది మనము. గాలిపటము వెంట పరుగెత్తు పిల్లవానిని కేకవేసి నిలుపునది మనము. కరెంటు పోయిన రాత్రి పసిబిడ్డకు తెల్లవార్లు విసనకఱ్ఱతో విసరునది మనము. కావున ఈ విషయము వంటయింటికి మిక్కిలి దగ్గరిదే.

ఇందూరని పూర్వనామముగల మా నిజామాబాదు పట్టణమున పెద్దబజారులోగాని, గాంధీచౌకులోగాని, వైద్యశాలలతో నిండిన ఖలీల్‌వాడిలోగాని నిలిచి తలయెత్తి చూచినచో ఆకాశము గళ్ళచీరెవలె గానవచ్చును. అన్నిటికంటె పైన పదునొకండువేల వోల్టుల శక్తిని మోయు మూడు వట్టి తీగెలుండును. వానికి తొడుగు లేదు. చుట్టునున్న గాలియే వానికి తొడుగు. వాని క్రింద ట్రాన్సుఫార్మరునుండి మన యిండ్లకు 230 వోల్టులు తెచ్చు తీగెలు. వానికిని క్రింద టెలిఫోను, టీవీ, ఇంటర్నెట్టు తీగెలు కట్టలు కట్టలుగా చుట్టుకొని వ్రేలాడుచుండును. వానిలో పనిచేయునవెన్నియో, చచ్చిపడియున్నవెన్నియో కట్టినవారికే తెలియదు. సాలెగూడును చీపురుతో దులుపవచ్చును. ఈ గూడును దులుపువారెవరు?

పూర్వము ఈ వీథులలో పెంకుటిండ్లే యెక్కువ. స్తంభములు నాటిననాడు తీగెలకును ఇంటికప్పునకును చాలినంత యెడముండెను. పిమ్మట ఇండ్లు మిద్దెలైనవి. మిద్దెపై మిద్దె లేచినది. దానికి వసారా వీథివైపునకు ముందుకు వచ్చినది. తీగె యింటియొద్దకు రాలేదు. ఇల్లే తీగెయొద్దకు నడచిపోయినది. పదునొకండువేల వోల్టుల తీగె ఇంటిగోడకు ప్రక్కగా 1.2 మీటర్లును, కప్పునకు పైగా 3.7 మీటర్లును తక్కువగాని దూరముననుండవలయునని నియమము. మన చీరె పొడవు అయిదున్నర మీటర్లు. తడిచీరె గాలికి లేచినచో ఆ 1.2 మీటర్లు దానికెంత? నియమము వ్రాసినవారు గోడను కొలిచిరి. దండెముపై బట్టను కొలువలేదు.

మా వీథిలోనే కొన్నియేండ్ల క్రిందట ఒక బాలిక, పదునాలుగేండ్లది, అట్లెగిరి తీగెపై బడిన తల్లి చీరెను ఇనుపకడ్డీతో తీయబోయినది. ప్రాణము దక్కినది, కుడిచేతి మూడు వ్రేళ్ళు దక్కలేదు. నేడు ఆ పిల్ల యెడమచేత వ్రాయును, బతుకమ్మనాడు పూలు గూర్చవలసివచ్చినపుడు మాత్రము, "అత్తా, ఈ వరుస నీవు పేర్చవా?" యని మా యొద్దకు వచ్చును. మేము పేర్చుదుము. ఎవరిది దోషమని వెదకినచో తీగెవారు ఇల్లు కట్టినవారిని, ఇల్లు కట్టినవారు తీగెవారిని చూపుదురు. ఆ వ్రేళ్ళు మాత్రము ఎవరును తెచ్చియియ్యలేరు.

నేలలోనికి దింపిన తీగె యెట్లుండునో తెలిసికొందము. మా వారు పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పువారగుటచే, తెగిన కేబులుముక్క నొకదానిని తెచ్చి మాకు చూపిరి. అరటిదవ్వవలె పొరలుపొరలుగా నున్నది. నడుమ అల్యూమినియము తీగె. దానిచుట్టు విద్యుత్తును బయటికి పోనీయని దళసరి ప్లాస్టికుపొర. దానిపై ఉక్కుపట్టీల కవచము. అన్నిటిపైన మఱియొక తొడుగు. భారతీయ ప్రమాణముల ప్రకారము పదునొకండువేల వోల్టుల కేబులును 90 సెంటీమీటర్ల లోతునను, ఇండ్లకు పోవు తక్కువశక్తి కేబులును 75 సెంటీమీటర్ల లోతునను పాతవలయును. అడుగున ఇసుక పఱచి, కేబులు నుంచి, మరల ఇసుక కప్పి, దానిపై ఇటుకలో పలకలో పేర్చి, మన్ను పూడ్తురు. తరువాత గునపము వేసినవానికి మొదట ఇటుక తగులును. క్రింద నేమియో యున్నదని తెలిసి చేయి నిలుపును. మా బోధను ప్రాంతపు రేగడినేల వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు బారును; అట్టి నేలలో ఈ యిసుకపఱుపు మఱింత అవసరము.

ఈ యాలోచన క్రొత్తది కాదు. అమెరికాలోని న్యూయార్కు నగరమున 1884లోనే తీగెలను భూమిలో వేయవలయునని శాసనము చేసిరి. కాని కంపెనీలు జరుపుచు వచ్చినవి. 1888 మార్చిలో గొప్ప మంచుతుపాను వచ్చి స్తంభములను విఱిచి, తీగెలను వీథులపాలు చేసినది. మరుసటియేడు అక్టోబరులో జాన్ ఫీక్స్ అను పనివాడు పట్టపగలు వేలమంది చూచుచుండగా స్తంభముపై తీగెలనడుమ చిక్కి మరణించెను. అటుపిమ్మటనే తీగెలు దిగుట వేగమందుకొనెను. శాసనము చేయలేనిపనిని ఒక శవము చేసినదన్నమాట!

మన తెలుగునాట ఈ పాఠము విశాఖపట్టణమునకు 2014లో వచ్చినది. ఆ యేడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో ఆ నగరముపై విరుచుకొనిపడెను. స్తంభములు చెఱకుగడలవలె వంగిపోయినవి. నగరమంతయు దినములతరబడి చీకటిలో మునిగెను. కరెంటు లేక మోటారు తిరుగదు, మోటారు తిరుగక నీరు లేదు. నీరు లేని యిల్లు ఎట్టిదో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 2015లో ప్రపంచబ్యాంకు ఆంధ్రప్రదేశమునకు తుపాను పునరుద్ధరణకై 25 కోట్ల డాలర్ల ఋణము మంజూరు చేయగా, అందొక భాగముతో విశాఖలో విద్యుత్తీగెలను భూగర్భమునకు దింపు పని చేపట్టిరి. ఆ నష్టము కన్నులారా చూచిన నగరము గావున త్రవ్వకముల దుమ్మును కొన్నాళ్ళు సహించినది.

హైదరాబాదునకు తుపాను రానక్కఱలేకపోయెను. 2025 ఆగస్టు 17వ తేది రాత్రి రామంతాపురములో శ్రీకృష్ణాష్టమి శోభాయాత్ర జరుగుచుండగా, రథమును లాగు వాహనము నిలిచిపోయినది. యువకులు దానిని చేతులతో నడిపించుచుండిరి. రథమునకు విద్యుత్తు సోకి అయిదుగురు మరణించిరి. పండుగకు పోయిన బిడ్డలు పండుగనుండి రాకపోయిరి. ఆ పిమ్మట స్తంభములపై వ్రేలాడు ఇంటర్నెట్టు, టీవీ తీగెలను తెంపివేయ నారంభించిరి. ఆ వివాదము హైకోర్టుదాక పోయినది. నగరమున భూగర్భ కేబులుల మాట మరల బలముగ వినవచ్చినది. ఈ వార్త చదివిననాడు మా మనస్సు మా పట్టణపు వినాయక నిమజ్జన శోభాయాత్రపైకి పోయినది. విగ్రహములు ఏటేట ఎత్తు పెరుగుచున్నవి. తీగెలు మాత్రము వేసవివేడికి సాగి ఏటేట క్రిందికి జాఱుచున్నవి. ఈ రెండును ఎక్కడనో కలియక మానవు.

పల్లెసీమల సంగతియు చెప్పవలసియున్నది. మంజీరానదిపై 1931 నాటికి నిజాంసాగరము పూర్తియై కాలువలు పాఱగా ఈ నేల చెఱకునకు పుట్టినిల్లైనది. 1937లో బోధనులోని శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. చెఱకుపిప్పిని మండించి ఆవిరి పుట్టించి తన యంత్రములను తానే నడుపుకొనుట చక్కెర కర్మాగారముల రీతి. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. ఆ గొట్టములనుండి పొగ రాకపోవుట చూచి కంట తడిపెట్టిన యిల్లాండ్రు ఈ ప్రాంతమున పెక్కుమంది కలరు. నాటినుండి ఇక్కడి చెఱకు దూరపు కర్మాగారములకు పోవలసివచ్చినది. దూరము పెరిగినకొలది బండి దాటవలసిన తీగెలును పెరుగును. వీథికి అడ్డముగ పోవు పదునొకండువేల వోల్టుల తీగె 6.1 మీటర్ల యెత్తుననుండవలయునని నియమము. అది యెన్నడో బిగించిన తీగె. సాగిన తీగెక్రింద నిండు ట్రాక్టరుపై కూర్చున్న కూలివానికి ఆ నియమము గొడుగు పట్టదు. ఎండిన చెఱకుతోటలో రెండు తీగెలు గాలికి రాచుకొని నిప్పురవ్వ రాలినచో ఒక యేటి కష్టము ఒక గడియలో బూడిద.

ఇన్ని చెప్పితిమని భూగర్భమార్గము నిష్కంటకమని యెవరును తలపరాదు. మొదటి కంటకము వ్యయము. పైతీగెకంటె భూగర్భ కేబులునకు ఎన్నోరెట్లు ఖర్చగును. ఆ ఖర్చు చుట్టుతిరిగి ప్రజలపైననే పడును. రెండవది మరమ్మతు. పైతీగె తెగినచో పసివాడు గూడ వ్రేలుపెట్టి చూపగలడు. నేలలోని కేబులు చెడినచో ఎక్కడ చెడినదో యంత్రము పెట్టి వెదకవలయును, త్రవ్వవలయును, అతుకవలయును. అందుకే తెలిసినవారు కేబులును గొలుసువలె రెండు దిక్కులనుండి కలిపి వేయుదురు. ఒకవైపు చెడినను రెండవవైపునుండి విద్యుత్తు వచ్చును. మూడవది నీరు. కేబులు నేలలోనున్నను, ఇండ్లకు పంచు పెట్టెలు నేలమీదనే యుండును. 2025 ఆగస్టు చివర మా పొరుగున కామారెడ్డి ఎట్లు వఱదలో మునిగినదో చూచితిమి. అట్టి నీరు వచ్చునప్పుడు ఆ పెట్టె ఎత్తైన దిమ్మెపై లేకున్నను, దాని తలుపునకు తాళము లేకున్నను, ఆకసముననున్న యాపదను పిల్లల చేతియెత్తునకు దించినట్లే యగును.

నాలుగవ కంటకము త్రవ్వకము. మురుగునీటి గొట్టములకై మా పట్టణపు వీథులు త్రవ్విన దినములు ఎవరు మఱతురు? వాకిట కల్లాపి చల్లుటకు వాకిలి లేకపోయెను. ఒకరు పూడ్చిన గోతిని మఱియొకరు త్రవ్వుట మన యలవాటు. నీటిగొట్టము, మురుగుగొట్టము, విద్యుత్తు, ఇంటర్నెట్టు, అన్నిటికిని ఒక్కమారే త్రోవ యేర్పఱచి, ఎక్కడ నేమియున్నదో పటము వ్రాసి యుంచినచో ఈ బాధ సగము తీఱును. పోపులపెట్టెలో ఏ గిన్నెలో నేమున్నదో ఎఱిగిన యిల్లాలు చీకటిలోను ఆవాలు తీయగలదు.

ఇన్ని కంటకములున్నను మా మనస్సు భూగర్భమువైపే మొగ్గుచున్నది. దానికి కారణము మా వ్రేళ్ళులేని పిల్ల యొక్కతయే కాదు. గాలివాన వచ్చిన ప్రతి రాత్రియు "కరెంటెప్పుడు వచ్చును?" అని మనము విసుగుకొందుము. ఆ వేళ తడిసిన స్తంభమును ఎక్కువాడు ఒకడున్నాడు. అతని యింట ఒక యిల్లాలు దీపము ముందు కూర్చుండి, మనకు వెలుగు వచ్చుటకు గాదు, అతడు దిగివచ్చుటకు ఎదురుచూచుచుండును. ఒకమారు మేము అట్టి పనివాని కొకనికి వేడి చాయ ఇచ్చుచు, "భయము లేదా, తమ్ముడా?" యని యడిగితిమి. "భయమంతా మా ఇంట్ల ఉంటదమ్మా, మాకు పనే" యని యతడు నవ్వెను. కేబులు నేలలోనున్నచో మరమ్మతునకు ఆలస్యము కావచ్చును. కాని వానలో స్తంభమెక్కవలసిన రాత్రులు తగ్గును. మనకు ఒక గంట చీకటి యెక్కువైనను ఆ యిల్లాలికొఱకు సహింపరాదా?

అన్ని తీగెలను ఒక్కనాడే దింపుమనుట కోరరాని కోరిక. మొదట బడులున్న వీథులు, వైద్యశాలల వీథులు, ఊరేగింపులు పోవు బజారులు భూగర్భమార్గము పొందవలయును. ఇఱుకు సందులలో వట్టి తీగెలకు బదులు తొడుగుగల తీగెలను పేనినట్లు కట్టిన కేబులులు పైననే వేయవచ్చును. వానికి ఖర్చు తక్కువ, తాకినచో ఆపద తక్కువ. చెఱకు త్రోవలలో స్తంభములనడుమ స్తంభము నాటి సాగిన తీగెలను బిగించినను ఎన్నో ప్రాణములు నిలుచును. పురపాలక సభ్యులు వోటునకై మన గడప త్రొక్కునపుడు కాలువలనుగూర్చియు దోమలనుగూర్చియు అడుగుదుము గదా! ఈ వరుసను గూడ అడుగుదము. నేడు సభ్యులలో స్త్రీలు పెక్కుండ్రు కలరు. వారికి తడిచీరె సంగతి విడమఱచి చెప్పనక్కఱలేదు.

ఆ దినము వచ్చులోపల మనచేతిలోని పనులు మనము చేయుదము. విద్యుత్‌స్తంభమునకు దండెము కట్టరాదు. దండెమునకు ఇనుపతీగె వలదు, నూలుత్రాడో నైలానుత్రాడో చాలును. వీథివైపు మిద్దెయంచున చీరెలారవేయరాదు; వేసినచో రెండు కొసలును గట్టిగ కట్టవలయును. తీగెపై బడినది పట్టుచీరెయైనను ఆశ వదలుకొని, 1912 అను నంబరునకు టెలిఫోను చేయవలయును. తీగె తెగి నేలబడినను అంతే, దానియొద్దకు ఎవరిని పోనీయరాదు. ఇంటిలో విద్యుత్తు నేలకు కాఱినంతనే ఆగిపోవునట్లు చేయు మీట యొకటి దొరకును. బంగారమునకు కూడబెట్టు సొమ్ములో కొంచెము దానికి వెచ్చించుట మేలు. పిల్లలకు ఇనుపకడ్డీ, తీగె, తడి యను మూడింటి పొత్తును కథవలె చెప్పి యుంచవలయును. చీరె పోయినచో మఱియొకటి కొందుము.